చిన్న ట్రెయిలరే కదా అనకండి

ఆగస్టు వచ్చిందంటే మన గ్రూపుల్లో ఒకటే హడావుడి. పిల్లల్ని కాలేజీల్లో దింపాలి. మంచాలు, చిన్న ఫ్రిజ్జులు, రైస్ కుక్కర్లు, అన్నీ మోసుకెళ్లాలి. "వదినా, మా వ్యాన్‌కి చిన్న ట్రెయిలర్ కట్టుకోవచ్చా?" అని మొన్న ఒకావిడ అడిగింది. వెంటనే నలుగురు జవాబిచ్చారు. "చిన్నదేగా, ఏం కాదు. మావారు నడిపారు" అని.

ఆ జవాబుతోనే నా పేచీ. అందులో రెండు తప్పులున్నాయి. చిన్నది కాబట్టి ఏం కాదనుకోవడం ఒకటి. బండి సంగతి మగవాళ్లే చూసుకుంటారని మనం పక్క సీట్లో కూర్చోవడం ఇంకొకటి.

నేనూ అలాగే కూర్చున్నాను. మూడేళ్ల క్రితం పెద్దమ్మాయి సామాను శాన్ హోసే నుంచి ఇర్వైన్‌కి తీసుకెళ్లాం. తెలిసినవాళ్ల దగ్గర మూత ఉన్న చిన్న ట్రెయిలర్ అడిగి తెచ్చాం. సామానుతో కలిపి 1,500 పౌండ్లు కూడా లేదు. మాది ఆరు గేర్ల ఆటోమేటిక్ మినీవ్యాన్. మాన్యువల్ ప్రకారం ఆ బరువు లాగగలదు. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగేవాళ్లకి 55 మైళ్లే పరిమితి. మావారు 70కి తగ్గలేదు.

ఐ-5 మీద ఎదురుగాలి మొదలైంది. గేరు ఆరు నుంచి ఐదుకి, ఐదు నుంచి నాలుగుకి, మళ్లీ ఆరుకి. నిమిషానికోసారి ఇంజిన్ మోత పెరగడం, తగ్గడం. "ఏమండీ, ఎందుకలా మారుతోంది?" అన్నాను. "ఆటోమేటిక్ కదా, దానికి తెలుసు" అన్నారు. ఇక నేను నోరెత్తలేదు.

గ్రేప్‌వైన్ కొండ మీకు తెలిసిందే. 4,000 అడుగులు దాటి ఎక్కాలి. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ కట్టేయమని రోడ్డు పక్క బోర్డులే ఉంటాయి. సగం ఎక్కేసరికి ట్రాన్స్‌మిషన్ వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగింది. మండుటెండలో, లారీలు రయ్యిమని పోతుంటే, ఇద్దరు పిల్లలతో రోడ్డు పక్కన ముప్పావుగంట నిలబడ్డాం. ఇర్వైన్‌లో మెకానిక్ ఆయిల్ తీసి చూపించాడు. ఎర్రగా ఉండాల్సింది డికాక్షన్‌లా ఉంది, మాడు వాసన. ఇంకాస్త ముందుకెళ్తే గేర్‌బాక్సే మార్చాల్సి వచ్చేదన్నాడు.

అప్పుడు మాన్యువల్ తీసి చదివాను. నాకు అర్థమైంది ఇదీ. పై గేర్లు ఖాళీ బండి హాయిగా పోవడానికి. ట్రెయిలర్ ఉన్నప్పుడు చిన్న ఎత్తు వచ్చినా, గాలి తోసినా ఆ గేరులో బలం చాలదు. గేర్‌బాక్స్ కిందికి దిగుతుంది. బండి తేరుకోగానే మళ్లీ పైకి పోతుంది. ఆ మార్పుల మధ్య టార్క్ కన్వర్టర్ పట్టు వదులుతుంది. ఇంజిన్ శక్తిలో కొంత చక్రాలకి చేరకుండా ఆయిల్‌ని వేడి చేయడానికే పోతుంది. అటు పెట్రోలు దండగ, ఇటు గేర్‌బాక్స్‌కి జ్వరం.

దీనికి మందు బండిలోనే ఉంది. కొన్నింటిలో టో/హాల్ బటన్, కొన్నింటిలో ఓవర్‌డ్రైవ్ ఆపే బటన్, మా దాంట్లో గేరు పరిమితం చేసే ఎస్ స్థానం. అది వాడితే బండి తొందరపడి పై గేరుకి పోదు. దిగేటప్పుడు ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. తిరుమల ఘాట్ రోడ్డు మీద మన బస్సు డ్రైవర్లు గేరు తగ్గించి నడపడం చూశాం కదా, ఇదీ అంతే.

"ఇంజిన్ అంత మోత చేస్తే పెట్రోలు తాగదా?" అంటారు మావారు. అందరి మాటా అదే. మా లెక్క చెప్తాను. ట్రెయిలర్ లేకుండా మాకు గాలనుకి 24 మైళ్లు. ఆ రోజు 70లో 15. తిరుగు ప్రయాణంలో ట్రెయిలర్ ఖాళీ, "ఇప్పుడు బరువు లేదుగా" అని మళ్లీ 70లోనే పోనిచ్చారు. వచ్చింది 16. సామానంతా దించేస్తే ఒక్క మైలే కలిసొచ్చింది! ఎందుకంటే హైవే మీద మనం లాగేది బరువుని కాదు, గాలిని. నిటారుగా నిలబడ్డ ఆ ముందు గోడ గాలికి అడ్డం. వేగం 55 నుంచి 70కి పెరిగితే గాలి ఒత్తిడి ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మరుసటి ఏడు అదే ట్రెయిలర్, నిండా సామాను, అదే దారి. స్టీరింగ్ నేను పట్టాను. 55 దాటలేదు, చదునులో ఐదో గేరు, కొండ మీద నాలుగు, మూడు. వచ్చింది 19. ఎర్ర లైటు వెలగలేదు.

అన్ని బండ్లకీ ఒకే మాట చెప్పను. పేరు ఒకటైనా బండి ఒకటి కాదు. 2020 సియెన్నా 3,500 పౌండ్లు లాగుతుంది. 2021లో వచ్చిన హైబ్రిడ్ సియెన్నాకి 1,500 పౌండ్లే. కొన్ని కార్లకి అసలు లాగడమే వద్దని రాసుంటుంది. అందుకే "మావారు నడిపారు" అన్నది జవాబు కాదు. మీ మాన్యువల్‌లో ఆ నాలుగు పేజీలు మీరే చదవండి. సామాను బరువు కాస్త ముందుకి ఉండేలా సర్దండి, లేకపోతే ట్రెయిలర్ తోక ఊపుతుంది.

ఐసీయూలో మానిటర్ మోగితే "దానికే తెలుసు" అని మనం ఊరుకుంటామా? ఇంట్లో కుక్కర్ విజిల్ తేడాగా వస్తే లేచి వెళ్లి చూడమా? బండి చప్పుడు మారినప్పుడు కూడా మన చెవికి ముందే తెలుస్తుంది. ఆ రోజు నా చెవికి తెలిసింది. నేనే ఒకసారి అడిగి ఊరుకున్నాను. ఈ ఆగస్టులో మీరు ఊరుకోకండి.