కుర్చీ దిగాక వచ్చే జ్ఞానం

పీజీలో చేరాక మా గదికి ఒక పాత లాప్‌టాప్ వచ్చింది. రాత్రిపూట నలుగురం ఒకే మంచం మీద ఇరుక్కుని దాంట్లో చూసినవాటిలో ‘గ్రేవ్స్’ అనే అమెరికా టీవీ సీరియల్ ఒకటి. ఇంగ్లీషు వినడం అలవాటవుతుందని మొదలుపెట్టాం. కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ, అర్థం కానిచోట ఆపి ఒకరినొకరు అడుగుతూ చూశాం. నవ్వుకోవడానికి చూసిన ఆ సీరియల్ మమ్మల్ని మళ్లీ మన హాస్టల్ వరండాలో తెచ్చి కూర్చోబెట్టింది. అదెలాగో ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పుకోవాలనిపించింది.

కథ చిన్నదే. రిచర్డ్ గ్రేవ్స్ అమెరికా మాజీ అధ్యక్షుడు. పదవి దిగి పాతికేళ్లయింది. న్యూమెక్సికో రాష్ట్రంలో పెద్ద ఇల్లు, పింఛను, ఆఫీసు, కాపలా సిబ్బంది. అక్కడ మాజీ అధ్యక్షులకు పింఛను, ఆఫీసు ఖర్చు ఇవ్వడానికి 1958లోనే చట్టం చేశారు. ఏ లోటూ లేని ఆ పెద్దాయనకు ఉన్నట్టుండి తన పాలన జనానికి ఎంత చెరుపు చేసిందో తెలిసొస్తుంది. ఆ తప్పులన్నీ దిద్దుతానని బయల్దేరతాడు. సరిగ్గా అప్పుడే భార్య మార్గరెట్, ఇన్నాళ్లూ ఆయన కోసం అణచుకున్న తన రాజకీయ కోరికను బయటపెడుతుంది. ఈయన నోరు విప్పినప్పుడల్లా ఆమె దారిలో ఒక బండ పడుతుంది. ఆయన్ని దేవుడనుకుని సహాయకుడిగా చేరిన ఐజయా అనే కుర్రవాడు ఇద్దరి మధ్యా నలిగిపోతుంటాడు. నవ్వంతా అక్కడే.

గ్రేవ్స్‌గా నిక్ నోల్టే, మార్గరెట్‌గా సీలా వార్డ్ నటించారు. 2016 అక్టోబరులో, అమెరికా ఎన్నికలకు నెల ముందు, ఎపిక్స్ చానల్లో మొదలై రెండు సీజన్లు, 20 భాగాలు నడిచి 2017లో ముగిసింది. నోల్టేకి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీ, న్యూమెక్సికో మాజీ గవర్నర్ బిల్ రిచర్డ్‌సన్ లాంటి అసలు నాయకులే తమ పేర్లతో తెర మీద కనిపిస్తారు. మాజీలే మాజీల మీద వేసే జోకుల్లో భాగమవడం మాకు వింతగా తోచింది.

సీరియల్ అయిపోయాక మా గదిలో వాదన మొదలైంది. ‘‘తప్పు ఒప్పుకున్నాడు కదా, అదైనా ఎంతమంది చేస్తారు?’’ అని ఇద్దరం. ‘‘చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే కాలిన చేతులు మామూలవుతాయా?’’ అని ఇద్దరం. తెల్లవారుజాము దాకా తేలలేదు. చివరికి ఆ వాదన తేల్చింది టీవీ సీరియల్ కాదు, మా ఎనిమిదో తరగతి జ్ఞాపకం.

ఆ ఏడాది మా హాస్టల్ వార్షికోత్సవానికి ఒక రిటైరైన పెద్దాయన ముఖ్య అతిథిగా వచ్చాడు. మంచి మనిషి. మైకు ముందు నిలబడి, ‘‘మీ చార్జీలు పెంచే కాగితం నా బల్ల మీదే చాలాకాలం ఉండిపోయింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంది’’ అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. మేమంతా చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం. అంత పెద్దాయన మా ముందు కంటనీరు పెట్టుకుంటే మాకది గౌరవంగా అనిపించింది.

ఆ చప్పట్లలో లేనివాడు ఒకడున్నాడు. ట్రంకుపెట్టె మా పెట్టెల పక్కనే పెట్టుకునేవాడు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు. ఆ ఏడాది నెలల తరబడి కాస్మెటిక్ చార్జీలు రాలేదు. సబ్బులు లేవు. గజ్జి ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఒంటినిండా పుండ్లతో వాడు ఇంటికి వెళ్లాడు. తగ్గాక ఎవరూ తిరిగి పంపలేదు. ఇప్పుడు సెంట్రింగ్ పని చేస్తున్నాడు. పెద్దాయన మైకులో చెప్పిన బాధ వాడి దాకా వెళ్లలేదు. వెళ్లినా వాడేం చేసుకుంటాడు?

మా అభిప్రాయం ఇది. పదవి పోయాక కలిగే పశ్చాత్తాపం తప్పు కాదు, కానీ అది చాలాసార్లు చెప్పుకునేవాడి గుండె బరువునే దించుతుంది. బాధపడినవాడి ఇంటికి అది నడిచి వెళ్లాలంటే చేతులు, కాళ్లు కావాలి. మాటలు చాలవు.

అలా నడిచిన మాజీ అమెరికాలోనే ఉన్నాడు. 1980 ఎన్నికల్లో ఓడిపోయిన జిమ్మీ కార్టర్, 1982లో భార్య రోజలిన్‌తో కలిసి కార్టర్ సెంటర్ పెట్టాడు. నారికురుపు పేరు మన నాయనమ్మలకు బాగా తెలుసు. దిగుడుబావి నీళ్లు తాగితే కాలిలోంచి దారంలా పురుగు వచ్చేది. 1986లో ప్రపంచంలో ఏటా 35 లక్షల మందికి ఆ జబ్బు ఉండేదని అంచనా. కార్టర్ సెంటర్ పట్టుబట్టి చేసిన పనితో 2024 నాటికి 15 కేసులకు దిగింది. మన దేశం తన సొంత కార్యక్రమంతోనే 2000లో దాన్నుంచి బయటపడింది. 2002లో కార్టర్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2006లో, 82 ఏళ్ల వయసులో, మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర పేదల ఇళ్ల కోసం సుత్తి పట్టుకున్నాడు. 2024 డిసెంబరులో నూరేళ్లు నిండి చనిపోయాడు.

అయితే మనకు ఇంకా దగ్గరి మనిషి ఎస్.ఆర్.శంకరన్ గారు. ఆయన పదవి దిగేదాకా ఆగలేదు. ఐఏఎస్ అధికారిగా కుర్చీలో ఉండగానే వెట్టిచాకిరీ విముక్తి కోసం, మన పిల్లల గురుకులాల కోసం నిలబడ్డారు. పెళ్లి చేసుకోలేదు, జీతం డబ్బుతో పేద పిల్లల్ని చదివించారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో కన్నుమూశారు. కుర్చీలో చేయాల్సిన పని కుర్చీలోనే చేసినవాడికి తర్వాత మైకు ముందు కన్నీళ్లు అక్కర్లేదు.

ఇక మన సంగతి. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. మా సీనియర్ అన్నలు, అక్కలు టీచర్లయ్యారు, కానిస్టేబుళ్లయ్యారు, ఆఫీసుల్లో సెక్షన్లు చూస్తున్నారు. రేపు మేమూ ఎక్కడో ఒక కుర్చీ ఎక్కుతాం. అధ్యక్షుడి కుర్చీయే కానక్కర్లేదు. ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు మీద సంతకం పెట్టే కుర్చీ చాలు. ఆ కాగితం వెనక సబ్బులేని పిల్లవాడు ఉంటాడని మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? తెలిసీ పక్కన పెడితే ఆ పెద్దాయన కంటే మన తప్పే పెద్దది. ఆయనకు తెలియదని అయినా చెప్పుకోవచ్చు.

అందుకే పాత విద్యార్థులకు మా మనవి. వార్షికోత్సవం రోజు శాలువాలకు రండి, సంతోషమే. కానీ మామూలు మంగళవారం కూడా ఒకసారి రండి. వంటగదిలోకి తొంగిచూడండి. స్టడీ అవర్‌లో ఒక గంట లెక్కలు చెప్పండి. ఇంటికి వెళ్లి రాని పిల్లవాడి పేరు వార్డెన్ గారిని అడిగి, వాళ్ల ఊరు వెళ్లండి.

మా పక్క ట్రంకుపెట్టె వాడి ఊరికి మేం ఎనిమిదేళ్ల తర్వాత వెళ్లాం. వాడు టీ తాగించి పంపాడు. అప్పుడే వెళ్లి ఉండాల్సింది. ఆ మాట రాయడానికే ఇదంతా రాశాం.