తరిగొప్పుల పత్తి నీటి లెక్క ఎవరి నివేదికలో ఉంది?

పెద్ద కంపెనీలు ఇప్పుడు నీటి గురించి చాలా మాట్లాడుతున్నాయి. వార్షిక నివేదికల్లో నీటికి విడిగా పేజీలు ఉంటున్నాయి. వాటన్నిటి సారం దాదాపు ఒకటే: ఫ్యాక్టరీలో వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడుతున్నాం, ఆవరణలో ఇంకుడు గుంతలు తవ్వాం, మా యూనిట్లు ఉన్న చోట నీటి ఎద్దడి ఎంతుందో పటంలో చూసుకున్నాం, కాబట్టి నీటి ముప్పు మా అదుపులోనే ఉంది. దీన్ని పత్రికలు మెచ్చుకుంటున్నాయి, సదస్సుల్లో అవార్డులు ఇస్తున్నారు. ఈ వాదన తప్పని నేను అంటాను. ఎందుకు తప్పో జనగామ జిల్లా తరిగొప్పుల మండలంలో పత్తి చేను గట్టున నిలబడితే తెలుస్తుంది. బట్టల కంపెనీకి కావలసిన నీటిలో పెద్ద వాటా ఖర్చయ్యేది ఆ చేలోనే. చేను దాకా రాని లెక్కను నీటి లెక్క అని ఒప్పుకోవడానికి వీల్లేదు.

మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వడం తప్పనిసరి. ఎంత నీరు తోడారు, ఎక్కడ తోడారు, ఎంత బయటికి వదిలారు అన్నవన్నీ అందులో రాయాలి. మంచిదే, కానీ అదంతా గేటు లోపలి లెక్క. గేటు బయట సరుకు ఇచ్చేవాళ్ల సంగతీ చెప్పాలన్న ఆలోచన వచ్చింది గానీ, 2024 డిసెంబరులో సెబీ దాన్ని సడలించింది. మొదటి 250 కంపెనీలు ఇష్టముంటే చెప్పవచ్చు. అది కూడా తమ కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో విడివిడిగా రెండు శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ల గురించి చెబితే సరిపోతుంది. మూడెకరాల్లో పత్తి వేసుకున్న రైతు ఏ కంపెనీ కొనుగోళ్లలో రెండు శాతం అవుతాడు? ఈ ఒక్క నిబంధనతో తరిగొప్పుల లాంటి మండలాలన్నీ లెక్కలోంచి జారిపోయాయి.

ఇక పటాలు. కంపెనీలు ఎక్కువగా చూసేవి వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ‘అక్విడక్ట్’, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి ‘వాటర్ రిస్క్ ఫిల్టర్’. ఏ దేశంలో, ఏ నదీ పరీవాహకంలో ముందు దృష్టి పెట్టాలో తేల్చుకోవడానికి అవి పనికొస్తాయి, కాదనను. అక్విడక్ట్ నీటి ఒత్తిడి అనేది దొరికే నీటిలో ఎంత వంతు తోడుతున్నారన్న నిష్పత్తి. 2023లో వచ్చిన దాని నాలుగో రూపానికి ఆధారమైన నమూనాలో ఒక్కో గడి పొడవూ వెడల్పూ పది కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. కానీ తరిగొప్పుల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు నిలిచేది పైన శిథిలమైన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ. పగులు తగిలిన బోరు పోస్తుంది, దానికి కూతవేటు దూరంలో వేసింది ఎండిపోతుంది.

బోరు బండి వచ్చిన రాత్రి పొలంలో ఉన్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మోత చెవులు పగలగొడుతుంటే, రాతి పొడి తెల్లగా లేస్తుంటే, ఇంటిల్లిపాదీ ఆ పొడినే చూస్తూ నిలబడతారు. పొడి తడిసి ముద్దగా వచ్చిందంటే ప్రాణం లేచొస్తుంది. కాసేపటికి మళ్లీ పొడిబారిందంటే, ఇంకో వంద అడుగులు దించమనాలా, బండిని పంపేయాలా అన్నది రైతు అక్కడికక్కడే తేల్చుకోవాలి. అడుగుకు ఇంత అని బండికి కట్టాలి, కేసింగ్ పైపు ఖర్చు వేరు, తెచ్చింది మిత్తికి తెచ్చిన డబ్బు. పది కిలోమీటర్ల గడుల మీద లెక్క కట్టి రంగు వేసే పటంలో ఈ ఇంటి నష్టానికి చోటు లేదు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. మన దగ్గర పత్తి చాలావరకు వర్షాధారం. తోడే నీరే లేదు గనుక తోడిన నీటి నిష్పత్తిలో ఆ చేను కనిపించనే కనిపించదు. నీటి ముప్పు అందరికన్నా ఎక్కువ ఉన్నది ఆ చేనుకే. ఎర్ర చెల్క తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. గూడ, పూత మీదున్న పైరుకు మూడు వారాలు చినుకు లేకపోతే అంతా రాలిపోతుంది. తీరా పత్తి పగిలే వేళ ముసురు పట్టిందంటే ఉన్నదీ రంగు మారుతుంది. కిలో పత్తి బట్టకు ప్రపంచ సగటున పదివేల లీటర్లు పడుతుందని అందరూ చెప్పే అంకె కూడా ఇక్కడ అన్యాయమే చేస్తుంది. కాలువ కింద పారించిన నీటినీ చెల్క మీద దానంతటది కురిసిన వాననూ కలిపి చెప్పే అంకె అది. అది విన్నవాళ్లు రైతు నీళ్లు దుబారా చేస్తున్నాడనుకుంటారు. వానాకాలం చెల్కలో పత్తి వేసిన మనిషి దుబారా చేయడానికి అతని దగ్గర నీళ్లెక్కడివి?

పత్తినొక్కదాన్నే విడదీసి చూడడం మరో పొరపాటు. అదే ఇంట్లో పత్తి పైసలతో బోరు వేస్తారు, ఆ బోరు కింద యాసంగి వరి వేస్తారు. వరి ఎండితే మరుసటి వానాకాలం పత్తి విత్తనానికి అప్పు పుట్టదు. 2024 మార్చి ఆఖరున ఈ జిల్లాలోనే దేవరుప్పుల మండలం ధరావత్ తండాలో ఎండిన పంటలు చూడడానికి మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఆ పొలాలను చూసింది. తప్పు ఏ ప్రభుత్వానిదన్న వాదులాట పార్టీలు చేసుకున్నాయి. ఈ జిల్లా పత్తి కొనే ఏ బట్టల కంపెనీనీ నీ సంగతేమిటని ఒక్కరూ అడగలేదు. జనగామ చెరువులకు గోదావరి నీళ్లు రావాలంటే ఏటూరునాగారం దగ్గర గంగారం నుంచి దేవాదుల ఎత్తిపోతల పథకం మోటార్లు ఎత్తిపోయాలి. నదిలో మట్టం ఉండాలి, మోటార్లు నడవాలి, పైపులు పగలకుండా ఉండాలి. ఏ పటమైనా నది నీటిని చూపుతుంది గానీ మోటారు ఆగిన రోజులను చూపదు.

పత్తి వ్యాపారంలో నీటిని కొలిచే పరికరం ఒకటి నిజంగానే ఉంది. కొనుగోలు కేంద్రంలో కుప్పలోకి గుచ్చే తేమ మిషన్. ఎనిమిది శాతం లోపు ఉంటే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, పన్నెండు దాకా కోత పెడుతుంది, దాటితే కొనదు. బండి వెనక్కి తీసుకుపోయి ఆరబెట్టుకోవాలి. దూదిలో మిగిలిన నీటిని ఒక్కో శాతం చొప్పున కొలిచి రైతు దగ్గర డబ్బు కోసుకునే వ్యవస్థ, ఆ దూది పండడానికి దొరకని నీటిని ఒక్కసారి కూడా కొలవదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

జిన్నింగ్ మిల్లులో పత్తంతా కలిసిపోతుంది, ఏది ఎవరిదో చెప్పలేం అన్నది కంపెనీల జవాబు. ఒకప్పుడు అది ఒప్పుకోదగ్గ మాటే. బ్రాండ్లు నమ్ముకున్న బెటర్ కాటన్ పథకం కూడా ఏళ్ల తరబడి మాస్ బ్యాలెన్స్ మీదే నడిచింది. పుస్తకంలో కిలోలు సరిపోతే చాలు, చొక్కాలో నూలు ఆ రైతుదే కానక్కర్లేదు. 2023 చివర గానీ పత్తి ఏ దేశానిదో చెప్పే ఏర్పాటు రాలేదు. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. 2025-26 సీజన్లో సీసీఐకి అమ్మాలంటే రైతు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదై స్లాట్ తీసుకోవాల్సి వచ్చింది. ఏ సర్వే నంబరులో ఎంత పత్తి ఉందో వ్యవసాయ విస్తరణాధికారి రాసుకుంటాడు. ఐదు వేల ఎకరాలకు ఒక అధికారి, ఒక రైతువేదిక ఉన్న రాష్ట్రం మనది. ప్రైవేటు వ్యాపారికి అమ్మిన పత్తికి ఇంత వివరం ఉండదు, నిజమే. కానీ రైతు పేరు, చేను జాడ ప్రభుత్వ పుస్తకాల్లో ఉండగా ఊరు తెలియదనడం తెలుసుకోవాలన్న ఉద్దేశం లేకపోవడమే.

పటాలు చూసి చేసే ఈ నీటి ముప్పు మదింపును ఎందుకు వాడుతున్నారన్నది ఇంకా ముఖ్యం. పటంలో ఎర్ర రంగు పడ్డ చోటి నుంచి కొనుగోలు తగ్గించుకుని వేరే చోటికి పొమ్మని సలహాదారులు చెబుతారు. దాన్నే ముప్పు తగ్గించుకోవడం అంటారు. కంపెనీకి తగ్గిన ముప్పు రైతు నెత్తిన పడుతుంది. కరువుకు తోడు కొనేవాడు కూడా పోతాడు. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో పునాదిరాయి వేసినప్పుడు మన పత్తి మన దగ్గరే బట్ట అవుతుందన్న మాట ఇచ్చారు. కరువు ఏడాదిలో చేనును వదిలేసే లెక్కతో ఆ మాట నిలవదు. కంపెనీల మేలు కోరినా ఇదే చెప్పాలి, ఊరి నీటి సంగతి పట్టించుకోకపోతే చివరికి నష్టం వాటికే. కేరళలోని ప్లాచిమడలో కోకా కోలా ప్లాంటు 2000లో మొదలై 2004లో మూతపడింది. లైసెన్సు ఇచ్చిన పెరుమట్టి పంచాయతీయే బావులు పాడయ్యాయని ఎదురుతిరిగింది.

మరి ఎలా లెక్క కట్టాలి? దీనికి మనకు విదేశీ సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో, మహబూబ్‌నగర్, నల్లగొండలతో సహా, ఆరు వందలకు పైగా ఆవాసాల్లో నడిచింది. రైతులే ఊళ్లో వాన కొలిచారు, బోరు బావుల్లో మట్టం కొలిచారు, ఆ అంకెలు గోడ మీద రాసుకున్నారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, ఏ పంటకు ఎంత పడుతుంది అని లెక్క వేసుకుని పంట ఎంచుకున్నారు. పెద్ద చదువులు లేనివాళ్లు, ఆడవాళ్లతో సహా, ఈ పని చేసి చూపించారు.

తరిగొప్పుల పత్తి కొనే ప్రతి కంపెనీ ఇక్కడ అదే పని మొదలుపెట్టాలి. వాన ఎప్పుడు ఎన్ని రోజులు ఆగింది, ఎన్ని బోర్లు పోశాయి, ఎన్ని ఎండాయి, ఎండిన బోరు అప్పు ఎంత, దేవాదుల నీరు ఏ చెరువుకు ఎప్పుడు చేరింది, ఇవీ నివేదికలో ఉండాల్సిన అంకెలు. ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి, అంకెలు ఊరి చేతిలో ఉండాలి. ఆ అంకెలు చూసి కొనుగోలు మానుకోబోమని కనీసం ఐదేళ్లకు ముందే ఒప్పందం రాసివ్వాలి. ఇవి లేకుండా సరఫరా గొలుసంతటా నీటి ముప్పు మదింపు చేశామని రాసే నివేదికను సెబీ వెనక్కి పంపాలి.