కొలిచిన తరువాతనే బిగించాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రోడ్ల పక్కనున్న మెకానిక్ షెడ్లలో పనిచేసే యువకుల చేతినేర్పు సామాన్యమైనది కాదు. ఇంజన్ చప్పుడు విని దాని రోగం చెప్పగలరు. వారిలో పలువురు మన విద్యార్థుల అన్నదమ్ములే. అయినా వారి నేర్పులో ఒక కొరత ఉన్నదని, దానిని తీర్చగల సాధనం మన కళాశాలలోనే ఉన్నదని మా అభిప్రాయం.

కొంతకాలం క్రితం ప్రొద్దుటూరులోని ఒక షెడ్డులో మేము కళ్లారా చూచిన సంగతి ఇది. ఒక యజమాని తన పాత కారుకు శక్తి పెంచమని కోరాడు. మెకానిక్ పాత ఇంజెక్టర్లు తీసి, పెట్రోలు ఎక్కువగా చిమ్మే పెద్దవాటిని బిగించాడు. అవి గూటిలో సరిగ్గా కూర్చున్నాయి. ప్లగ్గు కుదిరింది. ఇంజన్ కూడా అందుకున్నది. కొద్దిసేపటికే మాడిన వాసన వచ్చి ఆగిపోయింది. కారులోని కంప్యూటర్ కాలిపోయింది. ఆ నష్టాన్ని యజమాని భరించలేదు. కొన్ని నెలల సంపాదన పోగొట్టుకున్నవాడు ఆ మెకానిక్కే.

అతడు చూడనిది ఒక్కటే: ఇంజెక్టర్ ఇంపెడెన్స్. పాఠ్యపుస్తకాలలో దీనిని అవరోధం అంటారు. మేము తెలుగు బోధించేవారమే గాని భౌతికశాస్త్రం బోధించేవారం కాము. కావున ఆ శాఖలోని మిత్రుని అడిగి తెలుసుకున్నాము.

ఇంజెక్టర్ అనగా లోపల రాగితీగ చుట్ట గల ఒక విద్యుత్ కవాటం. కంప్యూటర్ ఆ చుట్టలో కొన్ని మిల్లీసెకన్లపాటు విద్యుత్తును ప్రవహింపజేస్తే సూది లేచి పెట్రోలు చిమ్ముతుంది. వీటిలో రెండు రకాలున్నాయి. మామూలు కార్లలో చాలావరకు ఉండేవాటి నిరోధం సుమారు 12 నుండి 16 ఓములు. రెండవ రకానికి సుమారు 2 నుండి 4 ఓములే. వీటిలో ప్రవాహం త్వరగా పెరిగి సూదిని వేగంగా లేపుతుంది. 12 ఓల్టుల బ్యాటరీపై 12 ఓముల ఇంజెక్టర్ 1 ఆంపియర్ తీసుకుంటే, 2 ఓములది 6 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక్క ఆంపియర్‌కు తయారైన ట్రాన్సిస్టర్ ఆరింటిని ఎంతసేపు మోయగలదు?

దీనికి మార్గాలు లేకపోలేదు. పాతవాటి ఓములతో సరిపోలే ఇంజెక్టర్లనే ఎంచుకోవడం ఉత్తమం. లేదా మొదట సుమారు 4 ఆంపియర్లిచ్చి సూదిని లేపి, ఆపై 1 ఆంపియర్‌తో పట్టి ఉంచే ప్రత్యేక డ్రైవర్‌ను అమర్చాలి. వరుసలో రెసిస్టర్ కలిపే పద్ధతి కూడా ఉన్నది. 2 ఓముల ఇంజెక్టర్‌కు 6 ఓముల రెసిస్టర్ కలిపితే ప్రవాహం ఒకటిన్నర ఆంపియర్‌కు దిగుతుంది. అయితే కంప్యూటర్ అంతమాత్రం తట్టుకుంటుందో లేదో ముందే తెలుసుకోవాలి. ప్రవాహం సాగినంతసేపు ఆ రెసిస్టర్‌లో 13 వాట్లకు పైగా వేడి పుడుతుంది, కావున చిన్న రెసిస్టర్ పనికిరాదు. ఏది చేసినా ముందు మల్టీమీటరుతో కొలవాలి. అరనిమిషం పని అది.

ఇది కారు శక్తిని పెంచే సరదారాయుళ్ల సమస్య మాత్రమే కాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతున్నది కూడా. కాని మరమ్మతులో పాత ఇంజెక్టర్ తీసి వేరొకటి వేసేటప్పుడూ ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణాలు దేశమంతటా అమలులోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్లకు కూడా దాదాపు అన్నింటికీ ఇంజెక్టర్లే వచ్చాయి. కార్బురేటర్ విప్పి బతికిన చేతులు ఇక ఓములు నేర్వక తప్పదు.

మన జిల్లాలో చదువుకు చోటు లేక కాదు. పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల 2006లోను, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల 2008లోను వెలిశాయి. కాని పదో తరగతి దాటకుండా స్పానర్ పట్టిన కుర్రవానికి ఆ ద్వారాలు తెరుచుకోవు. మరోవైపు, ఓమ్ సూత్రాన్ని పరీక్షలో తప్పులేకుండా వ్రాసే మన విద్యార్థి చేతికి ఒక ఇంజెక్టర్ ఇచ్చి కొలవమంటే తడబడతాడు. ఒకరికి పని ఉన్నది, సూత్రం లేదు. మరొకరికి సూత్రం ఉన్నది, పని లేదు.

కావున కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఇది. వారానికొక సాయంత్రం భౌతికశాస్త్ర ప్రయోగశాలను షెడ్డు యువకుల కోసం తెరిపించండి. మన విద్యార్థులే వారికి మల్టీమీటరు వాడకం నేర్పాలి. వారి వద్ద ఇంజన్ విప్పడం నేర్చుకోవాలి. ఏ ఇంజెక్టర్‌కు ఎన్ని ఓములో, ఏది దేనికి సరిపడదో ఒక పట్టికగా తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి షెడ్లలో అంటించవచ్చు. రెండు భాషల కళాశాలకు ఇంతకంటె తగిన పని ఏమున్నది?

షెడ్డువారికి కళాశాలలో ఏమి పని అని కొందరు అడగవచ్చు. 1827లో ఆ సూత్రాన్ని గ్రంథరూపంలో ప్రకటించిన గేయార్గ్ ఓమ్ జర్మనీలో తాళాలు చేసే పనివాని కుమారుడు. బడిచదువు లేని ఆ తండ్రి స్వయంకృషితో గణితం నేర్చుకొని, దానిని కుమారులకు తానే బోధించాడు. గ్రంథం వెలువడిన తొలినాళ్లలో ఓమ్‌కు ఆదరణ కరువైంది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకంతో ఆయనను గౌరవించింది. పనివాని ఇంట పుట్టిన సూత్రాన్ని తిరిగి పనివాని చేతికి అందించమనే మేము కోరుతున్నాము.

విద్యార్థులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ వీధిలోని షెడ్డుకు ఒకసారి వెళ్లండి. వెంట ఒక మల్టీమీటరు తీసుకొని వెళ్లండి.