ఏడాది కష్టం, ఒక్కరోజు అల

సర్ఫింగ్ పోటీల మాటొస్తే చాలు, "అదేం ఆటండీ, జడ్జీలకి నచ్చినోడికి మార్కులు" అని తీసిపారేస్తారు మనాళ్ళు. నేనొప్పుకోను. ప్రతి అలకీ అయిదుగురు జడ్జీలు పదికి మార్కులేస్తారు. అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ తీసేసి, మిగిలిన మూడింటి సగటు కడతారు. ఎన్ని అలలెక్కినా మంచివి రెండే లెక్కలోకొస్తాయి, మొత్తం 20కి. ఒకడి అభిమానమో కోపమో ఫలితాన్ని ముంచకుండా అంత జాగ్రత్త పడ్డారు. మన అప్రైజల్లో ఒక్క మేనేజరు, ఆ రోజు ఆయన మూడ్. ఏది నయమో మీరే చెప్పండి :)

నా గొడవ జడ్జీలతో కాదు. వరల్డ్ సర్ఫ్ లీగ్ వాళ్ళు 2021 నుంచి 2025 దాకా నడిపిన ఫైనల్స్ రోజుతో. ఏడాదంతా దేశదేశాల తీరాల్లో పోటీలు పెట్టడం, పాయింట్లు కూడబెట్టించడం, చివరికి మొదటి అయిదుగురినీ ఒక్కరోజు ఒక్కచోట దింపి అక్కడ గెలిచినవాళ్ళే ప్రపంచ ఛాంపియన్ అనడం!

2022లో కరిస్సా మూర్ మొదటి ర్యాంకుతో కాలిఫోర్నియాలోని ట్రెసిల్స్‌కి వచ్చింది. అయిదో ర్యాంకుతో వచ్చిన స్టెఫనీ గిల్మోర్ వరసగా అందర్నీ ఓడించి, ఆవిడనీ ఓడించి ఎనిమిదో టైటిల్ పట్టుకెళ్ళింది. గిల్మోర్ గొప్పతనాన్ని ఎవరు కాదంటారు? కానీ 2023లోనూ అదే కథ. మళ్ళీ కరిస్సాదే మొదటి ర్యాంకు, టైటిల్ మాత్రం కెరొలిన్ మార్క్స్‌కి.

"ఐపీఎల్లోనూ ప్లేఆఫ్స్ ఉన్నాయిగా" అంటారు. ఉన్నాయి. అక్కడ ఇద్దరికీ ఇరవై ఓవర్లు రాసిపెట్టి ఉంటాయి. ఇక్కడ ఆ అరగంటలో మంచి అలలు ఎన్నొస్తాయో, ఎవరి వంతప్పుడొస్తాయో సముద్రం ఇష్టం. ఆ అదృష్టం తేడా సర్దుకునేది పది చోట్ల, పది రకాల అలల మీద పోటీపడినప్పుడే. పైగా పైప్‌లైన్‌లో ప్రాణాలకి తెగించి గొట్టంలాంటి అలలో దూరొచ్చినవాళ్ళకి, ట్రెసిల్స్‌లాంటి మెత్తటి అల మీద తుది పరీక్షా? ఏడాదంతా రాత్రుళ్ళు ప్రొడక్షన్ సపోర్టు చేసినవాడికి, చివర్లో డెమో రోజున ప్రొజెక్టరు పనిచెయ్యలేదని రేటింగు కోస్తే మనం ఊరుకుంటామా?

టీవీలో రసవత్తరంగా ఉంటుందట. ఉంటుంది, ఎందుకుండదు. ఉత్కంఠ మనది, పోయిన టైటిల్ ఆవిడది.

2026 నుంచి ఆ ఫైనల్స్ రోజు ఎత్తేసి, మళ్ళీ ఏడాది పాయింట్ల లెక్కకే వస్తున్నామని లీగే ప్రకటించింది. సంతోషం. కరిస్సా ఖాతాలో ఆ రెండేళ్ళూ మాత్రం రెండో స్థానమనే ఉంటాయి.