చిన్న విమానములును చేతిపనియు

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న కాలమున, ఆ కళాశాల చేతిపనుల గదిలోని బీరువాయందు అట్ట యూడిన పాత జర్మను కేటలాగొకటి యుండెను. అందలి భాష మాకు తెలియదు. బొమ్మలు మాత్రము తెలిసినవి. పుటపుటకును చిన్న విమానములు, వాని రెక్కలలోని సన్నని కొయ్య పక్కటెముకలు, వానిని నేలనుండి నడుపు రేడియో పెట్టెలు. అట్టమీద గ్రౌప్నర్ అను పేరుండెను. ఆ కంపెనీ తన పూర్వరూపమున నేడు లేదు. చీరాలలో నుండి దానిని తలంచుకొనుట యెందులకని చదువరులు అడుగవచ్చును. మా యొక తప్పును ఒప్పుకొనుటకే యని మా మనవి.

యోహానెస్ గ్రౌప్నర్ అను నాయన 1930వ సంవత్సరమున స్టుట్‌గార్ట్ నగరములో ఈ వ్యాపారము నారంభించెను. పిమ్మట నది కిర్ఖ్‌హైమ్ అను చిన్న పట్టణమునకు తరలెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము వేర్సాయి సంధి జర్మనీలో విమాన నిర్మాణమునకు కట్టుబాట్లు విధింపగా, అచ్చటి యువకులు ఇంజను లేని గ్లైడరు విమానములపై మనసు నిలిపియుండిరి. కిర్ఖ్‌హైమ్ చెంతనే అట్టి గ్లైడర్లెగురు మైదానము కలదు. పెద్దలు పెద్ద గ్లైడర్ల నెగురవేయుచుండ, పిల్లలు చిన్నవి చేసికొనుట సహజమే గదా! 1953లో కుమారుడు హన్స్ గ్రౌప్నర్ వ్యాపార భారము వహించెను. రేడియోతో నడుచు నమూనాలు ఆ దశాబ్దిలో ప్రబలినవి. తొలి రేడియోలలో మీట నొక్కిన చుక్కాని యొక ప్రక్కకు తిరుగును, విడిచిన తిన్ననగును, అంతమాత్రమే. వ్రేలు కదలినంత మేరకే చుక్కానియు కదలెడి యేర్పాటు తరువాత వచ్చినది.

ఇంతకును ఆ కంపెనీ పెట్టెలో నుండినదేమి? విమానము కాదు. ఈక్వడారు దేశమునుండి వచ్చు మిక్కిలి తేలికయైన బాల్సా కొయ్య పలకలు, వానిమీద అచ్చువేసిన గీతలు, నిలువెత్తు పటము ఒకటి. గీతల వెంబడి కోయవలెను, నునుపు చేయవలెను, అతికింపవలెను, జిగురారువరకు వేచియుండవలెను. ఒక పక్కటెముక పొట్టియైన రెక్క మెలిపడును. మెలిపడిన రెక్క విమానమును నేల కూల్చును. కూలిన పిమ్మట మరల చేయవలెను. కొన్నవాని చేతిలో అసంపూర్ణమైన వస్తువును పెట్టుటయే ఆ కంపెనీ చేసిన మేలు.

నమూనా చేయువానికి లెక్కలును తప్పవు. అమెరికాలో 1938 మొదలు తయారైన పైపర్ కబ్ జె-3 అను విమానమును తీసికొందము. దాని రెక్కల కొనల నడిమి దూరము 10.74 మీటర్లు, నిండు బరువు 553 కిలోగ్రాములు. ఆరవ వంతు నమూనా చేసిన, పొడవు 1.79 మీటర్లగును. రెక్కల వైశాల్యము ఆరవ వంతు కాదు, 36వ వంతు. ఘనపరిమాణము 216వ వంతు. ఆ లెక్కను బరువు రమారమి రెండున్నర కిలోలు. వర్గము, ఘనము అను మాటలు మేము నల్లబల్లపై ఎన్నిసార్లు వ్రాసినను ఎక్కని పిల్లవానికి, రెక్కను చేతబట్టిన నాడు ఎక్కును.

ఇట్టి పెట్టెల కాలము గడచినది. ఇంగ్లాండులో 1930లనుండి పిల్లల కెరుకయైన ఫ్రాగ్ నమూనాలు 1976తో నిలిచిపోయినవి. గ్రౌప్నర్ కంపెనీ 2012లో దివాలా తీయగా, దాని పేరు మరుసటి యేట కొరియా కంపెనీ యొకదాని చేతికి పోయెను. ఒక కంపెనీ పతనమునకు కారణము లనేకము లుండవచ్చును. కాని లోకము మారినమాట నిజము. తేలికయైన నురుగు పదార్థముతో పోతపోసి, మోటారును రేడియోను అమర్చి, పెట్టె తెరచిన గంటలో ఎగురు విమానములు చౌకగా వచ్చినవి. నెల దినములు కొయ్య చెక్కుచు కూర్చుండువారు తగ్గిరి.

ఇక మా తప్పు. 2022 డిసెంబరు 29న కొరిశపాడు వద్ద జాతీయ రహదారిమీద వాయుసేన విమానములు క్రిందుగా ఎగిరి, అత్యవసరముగా దిగుటకు కట్టిన దారిని పరీక్షించినవి. అది మొదలు మా విద్యార్థులకు విమానములే ముచ్చట. తరువాతి వైజ్ఞానిక ప్రదర్శనమునకు ఒక బాలుడు తండ్రి కొనియిచ్చిన డ్రోనును తెచ్చెను. నేతపని వారి యింటి బాలుడొకడు వెదురుబద్దలు చీల్చి, మగ్గము దారముతో ముడులువైచి, గాలిపటపు కాగితము నంటించి గ్లైడరును చేసి తెచ్చెను. దాని ముక్కున రూపాయి బిళ్ల యేల కట్టితివని మేమడుగగా, బరువు ముందుకు రాకున్న తల యెత్తి కూలునని తడువుకొనక చెప్పెను. డ్రోను పందిరి యెత్తున నిలిచి, సభవారి ఫొటోలు తీసెను. అందరును చప్పట్లు కొట్టిరి. మేము ప్రథమ బహుమతి దానికే యిచ్చితిమి.

మరుసటి సంవత్సరము ఆ నేతవారి బాలుడు ఏమియు తేలేదు. కారణమడిగితిమి. “మా యింట్లో కొనిపెట్టేవాళ్లు లేరండీ మాస్టారూ” అనెను. ఆ మాట మమ్ము నేటికిని విడువకున్నది. తండ్రి కొనియిచ్చిన బాలునియందు దోషము లేదు. వానిని మేము నిందింపము. చేసిన చేతిని విడిచి కొన్న వస్తువునకు బహుమతి యిచ్చిన దోషము మాది.

డ్రోనులు పనికిమాలినవని మా భావము కాదు. పొలములో మందు చల్లుటకు అవి రైతున కెంతయో సాయపడుచున్నవి. గ్రౌప్నర్ పెట్టెయు కొనవలసినదే గాని ఉచితముగా వచ్చినది కాదు. పేదయింటి పిల్లవానికి అదియు అందని పండే. కావున ఆ పెట్టెలు మరల రావలెనని మేము కోరము. వానిలోని గుణము మన పాఠశాలలోనికి రావలెనని కోరుదుము. వెదురు మనకు కొరత కాదు. కొండపల్లి బొమ్మలవారు వాడు తెల్లపొణికి కొయ్య తేలికకు పేరుపొందినదే. మన దేశ ప్రభుత్వము సయితము 2022 ఫిబ్రవరిలో సిద్ధమైన డ్రోనుల దిగుమతిని నిషేధించి, విడిభాగముల దిగుమతిని మాత్రము సాగనిచ్చెను. దేశమునకు కూర్చువారు కావలెనన్న, వారు బడిలోనే తయారు కావలెను గదా!

తోడి ఉపాధ్యాయులకు మా ప్రార్థన యొక్కటి. ఇకముందు ప్రదర్శనములలో కొన్న వస్తువులను వేరు బల్లపై నుంచి చూపుదము. బహుమతిని మాత్రము విద్యార్థి స్వహస్తములతో చేసినదానికే యిత్తము. అది యెగురకున్నను సరే, ఎందులకెగురలేదో చెప్పగలిగిన చాలును. ఇక ఆ బాలుడు ఇప్పుడు పదవ తరగతిలో నున్నాడు. ఈ సంవత్సరపు ప్రదర్శనమునకు గ్లైడరును తెమ్మని మేమే వాని యింటికి పోయి అడిగితిమి. తెచ్చెదనని మాట యిచ్చియున్నాడు.