పరీక్షకు ముందు వార్డు

విదేశములలో వైద్యవిద్య ముగించుకొని వచ్చిన మన విద్యార్థులు స్వదేశమున వైద్యవృత్తి చేపట్టుటకు ఉత్తీర్ణులు కావలసిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష 2002లో ఆరంభమైనది మొదలు, ఫలితములు వెలువడిన ప్రతి పర్యాయమును ఉత్తీర్ణతాశాతము ఎంత స్వల్పమో పత్రికలు పెద్దయక్షరములతో అచ్చొత్తుటయు, చదువరులు "ఆ దేశములలో చదువేమున్నది!" అని పెదవి విరుచుటయు పరిపాటియైనది. తరచు నలువురిలో మువ్వురు తప్పుచున్న మాట నిజమే. పరీక్షయే వలదనువారితో నేను ఏకీభవింపను. పరుల ప్రాణములు చేతబట్టువానికి పరీక్ష ఉండితీరవలసినదే. పట్టాకును పరీక్షకును నడుమ ఈ బిడ్డలను మనము ఎచ్చట కూర్చుండబెట్టుచున్నామన్నదే నా ఆక్షేపణ.

హైదరాబాదున అమీరుపేటలోనో దిలుసుఖనగరులోనో హాస్టలు గదిలో, స్టెతస్కోపును పెట్టెయడుగున దాచి, ఇయర్‌ఫోనులు తగిలించుకొని, వీడియో పాఠములను రెట్టింపు వేగమున వినుచు, అర్ధరాత్రి దాటువరకు క్యూబ్యాంకను ప్రశ్నలనిధితో కుస్తీపట్టుచు, ఇంటినుండి ఫోను మ్రోగినచో పెండ్లిమాటయో బ్యాంకు అప్పుమాటయో వచ్చునని జంకుచు వారు దినములు వెళ్ళబుచ్చుచున్నారు. ఆరేండ్ల చదువు చదివినవాడు రోగి ముఖము చూడక నెలలు గడుపుట ఏ వైద్యశాస్త్రము విధించిన నియమమో నాకు బోధపడదు.

పరీక్షాస్వరూపము చూడుడు. 300 ప్రశ్నలు, 150 చొప్పున రెండు భాగములు, భాగమునకు 150 నిమిషములు; తప్పు వ్రాసినందుకు మార్కుల కోత లేదు; 150 వచ్చిన చాలును, ర్యాంకన్నది లేనేలేదు. అయినను ర్యాంకుల ధ్యాసలోనే పెరిగిన మన పిల్లలు, జన్మలో ఎదురుపడని సిండ్రోముల పేర్లు వల్లించుచు, మెడిసినుకు 33, సర్జరీకి 32 ప్రశ్నలుండగా తాము పీఎస్‌ఎం అని తేలికగా పిలుచు సామాజికవైద్యమునకు 30 ఉన్నవన్న సంగతిని చివరి వారమునకు నెట్టివేయుదురు. మన టీకాల పట్టికయు, క్షయనివారణ కార్యక్రమమును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల అమరికయు బిష్కెకులోనో టిబిలిసీలోనో వారికెవరు బోధింతురు? అవి ఇక్కడ నేర్వవలసినవి; ఆసుపత్రిలో ఒక టీకాల దినమున నర్సు ప్రక్కన నిలుచున్నవానికి బట్టీతో పనిలేదు.

ఒక ఉదాహరణము. విరేచనములతో వచ్చిన పది కిలోల పసివాడు; కన్నులు గుంటలు పడినవి, నీటిగ్లాసు చూచి ఆత్రపడుచున్నాడు, పొట్టమీది చర్మము పట్టి విడిచిన మెల్లగా సర్దుకొనుచున్నది. ఏమి చేయుదువని ప్రశ్న. కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలలో 750 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ త్రావింపవలెనని పుస్తకమున జదివినవాడు "సెలైను" అన్న మరియొక జవాబునొద్ద తడబడును. పిల్లల వార్డులో ఆ తల్లి చెంచాతో పట్టించుట ఒక్కమారు చూచినవాడు తడబడడు.

బోధనాసుపత్రులు విద్యార్థులతో క్రిక్కిరిసియున్నవని అధికారులు అనవచ్చును, ఒప్పుకొందును. కాని వైద్యకళాశాల ఛాయలైన లేని ఏరియా ఆసుపత్రులు రెండు తెలుగు రాష్ట్రములలోను కలవు. చికిత్సాధికారము ఈయక, కేవలము పరిశీలకులుగా, ఉదయపు రౌండ్ల వేళకు మాత్రము ఈ పట్టభద్రులను అచ్చటికి అనుమతించినచో ఖజానాకు కాసు ఖర్చుండదు. మధ్యాహ్నము పుస్తకము, రాత్రి నిద్ర వారికి మిగులును. (నిద్ర మానుకొనుటయే దీక్షయని నూరిపోయు కోచింగువారికి ఇది రుచింపదు.) ఏటికి రెండుమారులు జరుగు ఈ పరీక్ష తప్పినవాడు, ఆ అనుమతియున్నచో, ఆరునెలలు మరల హాస్టలు నాలుగుగోడల నడుమనే మ్రగ్గనవసరముండదు. ప్రభుత్వము వెలువరింపవలసినది ఒక్క ఉత్తరువు. పరీక్ష తప్పినంత మాత్రమున ఆ అనుమతి రద్దుకాదని అందులో స్పష్టముగా వ్రాయవలెను.