ఎవరి కొలతల్లో మన కళ్ళు?

అనంతపురం పల్లెల్లో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్లని తల ఎత్తమంటారు. రంగు, జుట్టు, నడక అన్నీ చూశాక కళ్ళ దగ్గర ఆగుతారు. "కండ్లు శానా చిన్నగుండాయి" అంటుంది ఒక పెద్దమ్మ. మిడిగుడ్లయితే గయ్యాళి, గుంటకళ్ళయితే దరిద్రం, పిల్లికళ్ళ పిల్లని నమ్మకూడదు. ఎండలో కళ్ళు చిట్లించుకుని కలుపు తీసే మనిషికి కోపిష్టిదని పేరు! సంఘం మీటింగుల్లో ఈ మాటలు ఎన్నిసార్లు విన్నానో. వేరుశనగ ఎండిపోయిన ఏడాది అప్పుచేసి ఇచ్చే కట్నం ఇలాంటి ఒక్క మాటతో ఇంకాస్త పెరుగుతుంది. పెళ్ళికొడుకు కళ్ళు చూసి బేరమాడినవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

ఈ కొలత ఎక్కడిది? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఈ కళకే 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మల్లో సీతకి కోలగా సాగిన కన్ను, రాక్షసులకి గుండ్రటి గుడ్లు. తెరకి దూరంగా కూర్చున్నవాళ్ళకి ఎవరు ఎవరో తెలియాలి కదా. లేపాక్షి కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లోనూ పక్కకి తిరిగిన ముఖాలకి కన్ను నిండుగానే గీశారు. (2022లో జిల్లా విడిపోయాక ఈ రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి.) బొమ్మకి పనికొచ్చే ఆ గుర్తుని మనం మనిషి గుణానికి గుర్తు చేశాం. ఆడపిల్లలకి విశాలాక్షి, మీనాక్షి అని పేర్లు పెట్టేదీ మనమే, పేరుకి తగ్గ కళ్ళు లేవని నవ్వేదీ మనమే.

నిజానికి పెద్దవాళ్ళ కనుగుడ్డు ఎవరికైనా సుమారు 24 మిల్లీమీటర్లే. తేడా అంతా రెప్ప తెరుచుకునే తీరులో, చుట్టూ ఉన్న ఎముకలో, కొవ్వులో, చర్మపు మడతలో ఉంది. ముక్కు వైపు కంటి మూలని కప్పే మడత తూర్పు ఆసియా ప్రజల్లో, మన ఈశాన్య రాష్ట్రాల్లో, ఆఫ్రికా దక్షిణాన ఖోయిసాన్ ప్రజల్లో ఎక్కువ. మన ఇళ్ళల్లో పసిబిడ్డలకీ చాలామందికి ఉంటుంది, ముక్కుదూలం ఎదిగేకొద్దీ పోతుంది. అది లోపం కాదు.

జబ్బు సంగతి వేరు. మెల్లకన్ను మెట్టినింటికి అదృష్టమని బిడ్డని వదిలేస్తే ఆ కంటి చూపు మందగించిపోవచ్చు. చిన్నతనంలోనే వైద్యం అందితే చాలావరకు కాపాడుకోవచ్చు. కొత్తగా గుడ్లు ముందుకు పొడుచుకొస్తున్న మనిషికి కావలసింది థైరాయిడ్ పరీక్ష, తిట్లు కాదు. ఊళ్ళల్లో తిరిగే కార్యకర్తలు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇక కరువు మన ఆడపిల్లల్ని బెంగుళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలకి తోలుతోంది. అదే ఊరికి అస్సాం, మణిపూర్ నుంచీ బతకడానికి వస్తున్నారు. వాళ్ళ కళ్ళు చూసి "చింకీ" అంటారు, "చైనా" అంటారు. 2012 ఆగస్టులో దాడులు జరుగుతాయన్న పుకారుకి ఈశాన్య ప్రజలు వేలమంది బెంగుళూరు వదిలి రైళ్ళెక్కారు. 2014 జనవరిలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీలో, తన రూపాన్ని వెక్కిరించడంతో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు వైరస్ పేరుతోనే పిలిచారు.

జాతి పేరుతో అవమానించడాన్ని ప్రత్యేక నేరం చేయమని బెజ్‌బారువా కమిటీ 2014లోనే చెప్పింది. 2024 జూలైలో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ సెక్షన్ లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది గానీ, షెడ్యూల్డ్ తెగల్లో లేని మెయితీ అమ్మాయికి అది అందదు. ఈ సెక్షన్ కావాలని అడగవలసింది ఈశాన్యం వాళ్ళొక్కరే కాదు. చిన్న కళ్ళని ఇక్కడ వెలకట్టిన కొలతా, అక్కడ తిట్టుగా మారిన కొలతా ఒకటే.

అందుకే పెళ్ళిచూపుల మాటల్నీ ఫ్యాక్టరీ మాటల్నీ సంఘాల్లో ఒకే చర్చకి పెట్టమని కోరుతున్నాను. ఉగాదికి ఇంటికొచ్చే మన అమ్మాయిల్ని అడగండి, పక్క మిషను మీద కుట్టే పిల్లని ఏ పేరుతో పిలుస్తున్నారో.